నాన్న ఇంటికి పోదామంటున్నారు, తమ్ముడు ఏదీ ఆపొద్దంటున్నాడు

హైదరాబాద్ నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, అందుకే కుదించి చెబుతున్నాను. ఆనవాళ్ళన్నీ తీసేశాను.

ఆవిడకి 46 ఏళ్ళు. ఉద్యోగం చేస్తారు. కూకట్‌పల్లి వైపు అద్దె ఫ్లాట్‌లో భర్తతో, ఇంటర్ సెకండియర్ చదివే కొడుకుతో ఉంటారు. నాన్నగారికి 79. తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్ళో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, సొంత ఇల్లు అక్కడే. నిరుడు దసరా తర్వాత కడుపునొప్పి, కామెర్లు అంటే హైదరాబాద్ తీసుకొచ్చి చూపించారు. పాంక్రియాస్ క్యాన్సర్ అని, అప్పటికే లివర్‌కి పాకిందని తేలింది. స్టెంట్ వేశారు, కీమో మొదలుపెట్టారు, ఒళ్ళు తట్టుకోలేక మధ్యలో ఆపేశారు. ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రి వార్డులో ఉన్నారు. పోయిన వారం డాక్టర్ ఈవిడని పిలిచి, కీమోతో ఇక ఉపయోగం లేదని, వారాల లెక్కలోనే ఆలోచించుకోవాలని చెప్పారట. ఈలోగా ఇన్‌ఫెక్షన్ వచ్చి ఊపిరి ఇబ్బందైతే ఐసీయూకి మార్చి వెంటిలేటర్ పెట్టాలా వద్దా మీరే నిర్ణయించుకుని చెప్పమన్నారట.

నాన్నగారు మాత్రం "ఇంక చాలమ్మా, మనూరు పోదాం, వసారాలో మంచం వేయించు" అంటున్నారు. డైరీలో ఒక పేజీ మీద తన చేత్తో "నాకు గొట్టాలు వేయవద్దు, మిషను మీద పెట్టవద్దు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి కూతురికిచ్చారు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు రోజూ రాత్రి ఫోన్ చేసి డబ్బు తను చూసుకుంటానని, ఏ ఒక్క ట్రీట్‌మెంటూ ఆపొద్దని అంటున్నాడు. తిరిగి అమెరికా వెళ్ళడానికి కావాల్సిన వీసా స్టాంపింగ్ గొడవలో ఇరుక్కుంటానేమోనని ఇండియా రావడానికి జంకుతున్నాడు. ఊళ్ళో మేనత్త, రోజులు బాగాలేనప్పుడు ఇంట్లో ఏదైనా అయితే ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాల్సొస్తుంది, ఆసుపత్రిలోనే ఉంచండి అంటోంది. ఫ్లాట్ ఓనరు మెట్ల మీద ఆపి, "ఏదైనా జరిగితే ఇక్కడికి తీసుకురాకండమ్మా" అని మెల్లగా చెప్పాడు. అమ్మకి బీపీ ఉంది కాబట్టి జబ్బు సంగతి చెప్పలేదు. కొడుకుకి కూడా పరీక్షలయ్యేదాకా చెప్పకూడదనుకున్నారు.

ఆవిడ అడిగినవి ఇవి: ఇంటికి తీసుకెళ్తే నాన్నని నా చేతులారా చంపుకున్నట్టవుతుందా? ఆయన రాసిన కాగితానికి విలువుందా? తమ్ముడికి ఏం చెప్పాలి? ఇంటికే తీసుకెళ్తే ఎక్కడికి, ఎలా?

అమ్మా, మీరు అడిగిన మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలకపోతే మిగతావి మీ తలకెక్కవు. చంపినట్టు కాదు. మీ నాన్నగారిని తీసుకుపోతున్నది జబ్బు. వెంటిలేటర్ ఊపిరితిత్తులకి ఆసరా ఇస్తుంది, లివర్‌కి పాకిన క్యాన్సర్‌ని అది ఏమీ చెయ్యలేదు. నయమయ్యే జబ్బులో, ఒక నిమోనియా దాటితే మనిషి లేచి తిరుగుతాడన్నప్పుడు, నాలుగు రోజులు మిషన్ మీద పెట్టడం ప్రాణం నిలబెట్టడమే, దాన్ని ఎవరూ కాదనరు. మీ నాన్నగారి విషయంలో ఆ నాలుగు రోజులు దాటాక ఆయన చేరేది మళ్ళీ ఇప్పుడున్న చోటికే, బహుశా ఇంతకంటే నీరసంగా, మధ్యలో చేతులు కట్టేసి, మత్తులో ఉంచి, గొంతులో గొట్టంతో మాట లేకుండా. డాక్టర్‌ని సూటిగా ఒక్క మాట అడగండి: "వెంటిలేటర్ పెడితే, అది తీసేశాక నాన్న ఎలా ఉంటారు?" పెడతామా వద్దా అని వాళ్ళు మిమ్మల్ని అడుగుతున్నారు కానీ పెడితే ఏమవుతుందో చెప్పకుండా అడిగితే మీరేం జవాబు చెప్పగలరు? ఆ జవాబు విన్నాక కూడా ఐసీయూ వైపే మనసు పోతే పోనివ్వండి, కనీసం తెలిసి చేసిన పనవుతుంది.

ఇంకో సంగతి. ఆ డాక్టర్ "వారాల లెక్క" అన్నారు చూడండి, ఆ మాట మీ ఉత్తరంలో ఒకసారి వచ్చి మళ్ళీ కనపడలేదు. ఇలాంటి జబ్బులో ముందు ఏళ్ళ గురించి మాట్లాడతారు, తర్వాత నెలలంటారు, తర్వాత వారాలంటారు, చివరికి రోజులంటారు. ఒక లెక్కలోంచి ఇంకో లెక్కలోకి ఎప్పుడు దిగామో ఇంట్లోవాళ్ళకి తెలియదు, ఎందుకంటే రోజూ అదే మంచం, అదే సెలైన్, అదే క్యాంటీన్ కాఫీ. మీ తమ్ముడు ఇంకా నెలల లెక్కలో ఉన్నాడు, అందుకే వీసా సర్దుకున్నాక వస్తానంటున్నాడు. మీరు వారాల్లోకి వచ్చారు, అందుకే నిద్ర పట్టడం లేదు. మీ నాన్నగారు, మీరు రాసినదాన్ని బట్టి, అందరికంటే ముందే లెక్క తేల్చుకున్నారు. మీ ఇంట్లో జరుగుతున్న వాదనలో సగం ఇదే, ప్రేమ ఎవరికి ఎక్కువ ఎవరికి తక్కువ అన్నది కాదు.

ఇక కాగితం సంగతి. దానికి విలువుంది, అయితే రెండు రకాలుగా చూడాలి. ఈ రోజు మీ నాన్నగారు తెలివిగా ఉన్నారు, మాట్లాడుతున్నారు, ఏం కావాలో ఏం వద్దో చెబుతున్నారు. అలాంటప్పుడు కాగితం కంటే ఆయన నోటి మాటే పెద్దది. తెలివిగా ఉన్న పెద్దమనిషి నాకీ వైద్యం వద్దంటే బలవంతంగా చెయ్యడానికి డాక్టరుకీ హక్కు లేదు, కొడుక్కీ లేదు. ఇబ్బందల్లా ఆయన స్పృహ తప్పాకే. అప్పుడు డైరీ పేజీ చూపిస్తే ఆసుపత్రి వాళ్ళు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. దీనికోసమే సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఒక తీర్పులో, గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ముందుగా వీలునామాలాగా ఇలాంటి కాగితం రాసుకోవచ్చంది. మొదట్లో దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, అది ఎవరివల్లా కాలేదు, 2023 జనవరి 24న సులువు చేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసరు దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. తను చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు తన తరఫున ఎవరు చెప్పాలో వాళ్ళ పేర్లు అందులో రాయాలి. అది చూపించగానే మిషన్ తీసేస్తారని మాత్రం అనుకోకండి. ఆసుపత్రిలో ముందు ఒక వైద్యుల బోర్డు, తర్వాత జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరుతో కలిసి రెండో బోర్డు చూసి ఒప్పుకోవాలి, ఒక్కో బోర్డూ వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. ప్రాణం తీసే ఇంజెక్షన్ లాంటిది మన దేశంలో నేరమే, ఈ తీర్పు దాని గురించి కాదు.

నోటరీని వార్డుకి పిలిపించుకోవచ్చు. ఈ వారమే చెయ్యండి, ఆయన చెయ్యి వణకకుండా సంతకం పెట్టగలుగుతున్నప్పుడే. పేర్ల దగ్గర కాస్త ఆలోచించాలి. మీ ఒక్కరి పేరే రాస్తే పని తేలిగ్గా జరుగుతుంది కానీ రేపు మీ తమ్ముడు, నన్ను పక్కనపెట్టి అంతా అక్కే చేసింది అనుకుంటాడు, ఆ గాయం ఆయన పోయాక కూడా ఉంటుంది. ఇద్దరి పేర్లూ రాస్తే గౌరవంగా ఉంటుంది కానీ మాట కలవకపోతే అక్కడే ఆగిపోతుంది. నన్నడిగితే పేర్లు ఆయన్నే చెప్పమనండి, మీరు ఎంచకండి. ఆయన చెప్పేటప్పుడు తమ్ముణ్ణి వీడియో కాల్‌లో ఉంచండి.

ఎక్కడికి తీసుకెళ్ళాలన్నదానికి మీకు నాలుగు దారులున్నాయి, ఏదీ పూర్తిగా మంచిది కాదు.

ఉన్నచోటే ఉంచి, ఐసీయూ మాత్రం వద్దని రాసిచ్చి, వార్డులోనే నొప్పి, ఆయాసం చూసుకోమనవచ్చు. అర్ధరాత్రి ఏదైనా అయితే నర్సు ఉంటుంది, ఓనరు గొడవ లేదు, అత్త గొడవ లేదు. ఆయన అడిగినదొక్కటే అందులో లేదు. పైగా ఇలాంటి వార్డుల్లో డ్యూటీ డాక్టరు మారినప్పుడల్లా పాత మాట పోయి మళ్ళీ కొత్తగా "ఐసీయూకి మార్చేద్దామా" అని మొదలవుతుంది. కేస్ షీట్‌లో స్పష్టంగా రాయించకపోతే రాత్రి రెండింటికి మీరొక్కరే దానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

రెండోది హాస్పిస్, అంటే నయం కాని జబ్బులో నొప్పి, ఆయాసం తగ్గిస్తూ చూసుకునే చోటు. మనవాళ్ళలో చాలామందికి ఆ మాటే తెలియదు, తెలిసినవాళ్ళు చావడానికి పంపే చోటు అనుకుంటారు. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉంది, రోటరీ ట్రస్టు వాళ్ళది, డబ్బు తీసుకోరు, ఇంటికి వచ్చి చూసే టీములు కూడా ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటి రోగుల కోసమే ప్రత్యేక విభాగం ఉంది. చివరికి ఎక్కడికి వెళ్ళినా సరే, ముందు ఈ రెండింటిలో ఒకదాని డాక్టరుతో మాట్లాడండి. మీ దగ్గర ఇప్పుడున్న డాక్టర్లు క్యాన్సర్ డాక్టర్లు, కీమో లేదన్నాక ఏం చెయ్యాలన్నది ఇంకో రకం చదువు.

మూడోది మీ ఫ్లాట్. ఓనరు మాట నాకు చాలా బాధ కలిగించింది కానీ ఆశ్చర్యం కలిగించలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళకి ఇది తెలిసిన కష్టమే, శవాన్ని లోపలికి రానివ్వక రోడ్డు మీద టెంటు వేసుకున్న కుటుంబాల గురించి పేపర్లో ఎన్నిసార్లు చదివాం. మీ ఆయన వెళ్ళి మర్యాదగా మాట్లాడి చూడవచ్చు, కొందరు మెత్తబడతారు. కాకపోతే చివరి రోజుల్లో ఒక కన్ను నాన్న మీద, ఒక కన్ను మెట్ల మీద పెట్టుకుని ఉండటం నరకం. మిగతావేవీ కుదరకపోతే తప్ప ఇటు వద్దంటాను.

నాలుగోది ఊరు. ఆయన కోరింది ఇదే కాబట్టి దీని మీదే కాస్త ఎక్కువ చెబుతాను. ఊళ్ళో ఇల్లు సొంతం, ఎవరూ కాదనేది లేదు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చుట్టూ ఉంటారు, వాళ్ళు వచ్చి కూర్చోవడం ఆయనకి ఎంత బలమో మీకు నాకంటే తెలుసు. లేనిది వైద్యం. దారిలో అయిదారు గంటలు అంబులెన్సులో పడుకుని రాగలరా అన్నది డాక్టరు చెప్పాలి, అది వారం వారానికీ మారుతుంది, ఇవాళ సరేనన్నది పది రోజుల తర్వాత కుదరదనవచ్చు. ఆలస్యం చేస్తే ఆ దారి దానంతటదే మూసుకుపోతుంది, మీరు ఎవరికీ వద్దని చెప్పకపోయినా సరే.

బయలుదేరేముందు మూడు నాలుగు పనులు చూసుకోండి. ఆసుపత్రి వాళ్ళు "డాక్టర్ సలహాకి విరుద్ధంగా మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం" అనే కాగితం మీద సంతకం పెట్టమనవచ్చు. చాలామంది ఏడుస్తూ పెట్టేసి వచ్చేస్తారు, దాంతో చేతిలో మందుల చీటీ లేకుండా ఇంటికి చేరతారు, ఆ రాత్రి నొప్పి మొదలైతే ఏం చెయ్యాలో దిక్కు తోచదు. దానికి బదులు మామూలు డిశ్చార్జి ఇమ్మని, అందులో జబ్బు ఏ దశలో ఉందో, ఇకపై ఉపశమన వైద్యమే (బాధ తగ్గించే వైద్యమే) అని రాయమని, నొప్పికి, వాంతులకి, నిద్రకి, ఆయాసానికి మందులు మోతాదులతో సహా రాయమని పట్టుబట్టండి. మీ డాక్టరే వారాల లెక్క అన్నారు కాబట్టి రాయడానికి ఆయనకి అభ్యంతరం ఉండకూడదు.

మార్ఫిన్ గురించి విడిగా చెప్పాలి. పాంక్రియాస్ క్యాన్సర్ నొప్పి వీపులోకి పొడుచుకుంటూ పోయే నొప్పి, పారాసెటమాల్‌తో తగ్గేది కాదు. మార్ఫిన్ మాత్ర పేరు చెప్పగానే మనవాళ్ళు రెండు భయాలు చెబుతారు, అలవాటైపోతుందని, తొందరగా పోతారని. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే రెండూ జరగవు, ఆయాసం కూడా తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది, దానికి మందు కలిపే రాయించుకోండి. 2014లో చట్టం మార్చి ఈ మందు దొరకడం కొంత సులువు చేశారు కానీ ఇప్పటికీ గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు, తెనాలి సెంటర్లో మందుల షాపుకెళ్ళి అడిగితే ఉండదు. కాబట్టి సరిపడా హైదరాబాద్‌లోనే తీసుకుని, అయిపోతే ఎక్కడ ఇస్తారో ముందే కనుక్కోండి. గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ సెంటర్ ఉంది, ముందు అక్కడికి ఫోన్ చేసి అడగండి.

తర్వాత, అర్ధరాత్రి భయం. ఇంటికి తీసుకొచ్చిన కుటుంబాల్లో చాలాసార్లు ఇదే జరుగుతుంది: అంతా అనుకున్నట్టే ఉంటుంది, చివరి రాత్రి ఊపిరిలో గురక మొదలవుతుంది, ఎవరో కంగారుపడి 108కి ఫోన్ చేస్తారు, ఆ పెద్దాయన ఆఖరికి ఏ ఐసీయూ వద్దన్నాడో అక్కడే పోతాడు. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం. ఏం జరుగుతుందో ముందే తెలిస్తే కంగారు తగ్గుతుంది, అందుకని చెబుతున్నాను. చివరి రోజుల్లో ఎక్కువసేపు నిద్రలోనే ఉంటారు. తిండి మానేస్తారు, తర్వాత నీళ్ళూ మానేస్తారు. పస్తు పెట్టి చంపుతున్నామని మీ అమ్మగారికి అనిపిస్తుంది, చుట్టాలు సెలైన్ అయినా పెట్టించమంటారు. ఒళ్ళు ఆగిపోతున్నప్పుడు ఆకలి ఉండదు, బలవంతాన పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిబట్టతో పెదాలు, నోరు తడుపుతూ ఉంటే చాలు. కాళ్ళు చేతులు చల్లబడతాయి, ఊపిరి ఆగి ఆగి వస్తుంది, గొంతులో గురగుర చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినేవాళ్ళకి ఉన్నంత బాధ ఆయనకి ఉండదు, ఒక పక్కకి తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. అలాంటప్పుడు ఫోన్ చెయ్యాల్సిన నంబరు ఒకటి, ఆ హాస్పిస్ టీముదో, ఊళ్ళో నమ్మకమైన డాక్టరుదో, గోడ మీద రాసిపెట్టుకోండి. ఊళ్ళో డాక్టరుతో ముందే మాట్లాడి ఉంచితే ఇంకో ఉపయోగం ఉంది, ఇంట్లో పోయినప్పుడు కారణం ధ్రువీకరించి రాసిచ్చేవాళ్ళు కావాలి, చావు నమోదు ఆ ఊళ్ళోనే 21 రోజుల్లోపు చేయించాలి. అప్పటికప్పుడు దీనికోసం పరిగెత్తడం కష్టం.

మేనత్తగారి మాటకి వద్దాం. ఆవిడ రోజులు బాగాలేవంటున్నది ధనిష్ఠా పంచకం గురించి, ఆ భయాన్ని కొట్టిపారేయమని నేను చెప్పను, ఆవిడ మీ నాన్నగారి తోడబుట్టింది, ఆ ఇంటి మంచే కోరుతోంది. ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా అయిదు నక్షత్రాలు, నెలలో దాదాపు అయిదు రోజులు. ఆ రోజుల్లో అయితేనే ఈ పట్టింపు గట్టిగా ఉంటుంది, మిగతా కొన్ని నక్షత్రాలకి తక్కువ నెలలు చెబుతారు, ఎన్ని నెలలన్నది కూడా ఊరిని బట్టి, చెప్పే పంతులుగారిని బట్టి మారుతుంది. శాంతి కూడా చేయిస్తారు. మీ ఊరి పంతులుగారిని అత్తయ్య చేతే ముందుగా అడిగించండి, ఆవిడ ఆదుర్దాకి ఒక పని దొరుకుతుంది. నిజంగా ఇల్లు మూయాల్సి వస్తే మీ అమ్మగారు ఆ నెలలు ఎక్కడ ఉంటారన్నది మాత్రం ఇప్పుడే అనుకోవాలి, దహనం నుంచి వచ్చాక మాట్లాడుకునే సంగతి కాదది. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. పూర్వం ప్రాణం పోయేముందు మనిషిని ఇంటి లోపలి నుంచి వసారాలోకి తెచ్చి పడుకోబెట్టేవారు, ఇంటికి దోషం తగలకూడదని. మీ నాన్నగారు గదిలో అనకుండా వసారాలో మంచం వేయించమంటున్నారు. గాలి కోసమే అనుండవచ్చు. అంతా ఆలోచించే అనుండవచ్చు కూడా. అడగండి.

తమ్ముడి సంగతికి వచ్చేముందు, మీరు అడగనిది ఒకటుంది. ఇంత పెద్ద ఉత్తరంలో మీ అమ్మగారి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. బీపీ ఉంది కాబట్టి చెప్పలేదు, అంతే. ఓనరు గురించి కూడా అంతకంటే ఎక్కువ రాశారు!

ఆవిడ ఆసుపత్రికి రోజూ వస్తున్నారా? ఆయన కళ్ళు పచ్చబడటం, లుంగీ నడుముకి నిలవకపోవడం చూడటం లేదా? యాభై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషికి చెబితే తప్ప తెలియదని మీరు నిజంగా అనుకుంటున్నారా? నాకైతే ఆవిడకి తెలుసనే అనిపిస్తోంది, మీరు చెప్పనందువల్ల తెలియనట్టు ఉంటున్నారు. ఆయనేమో మీకు కాగితం రాసిచ్చారు, భార్యకి ఇవ్వలేదు, ఎందుకంటే ఇంట్లో ఆవిడకి చెప్పకూడదన్న కట్టుబాటు ఆయనా గమనించారు. అలా ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నటిస్తూ, "రేపటికి తగ్గిపోతుందిలే" అని ఒకరికొకరు చెప్పుకుంటూ ఉన్న ఈ వారాలు మళ్ళీ రావు. వాళ్ళు మాట్లాడుకోవాల్సినవి మీకు తెలియవు, నాకూ తెలియవు, పాత కోపాలు ఉండవచ్చు, పొలం సంగతి ఉండవచ్చు, నువ్వు ఒంటరిగా ఎవరి దగ్గర ఉంటావే అన్న ప్రశ్న తప్పకుండా ఉంటుంది. ఆ ప్రశ్న ఆయన అడగాలి, ఆవిడ జవాబు చెప్పాలి. రేపు మీరూ తమ్ముడూ కూర్చుని అమ్మ ఎక్కడ ఉండాలో తేలుస్తున్నప్పుడు "ఆయన ఇలా అన్నారు" అని ఆవిడ చెప్పగలిగితే ఆవిడకి ఎంత బలమో ఆలోచించండి.

బీపీ భయం నిజమే. మందులు సరిగ్గా వేసుకుంటున్నారో చూసి, డాక్టరుకి చెప్పి, పక్కన మీరుండి, ఒక పగటి పూట చెప్పండి. అంతా ఒకేసారి చెప్పక్కర్లేదు. "అమ్మా, నాన్న సంగతి నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోండి, మిగతాది చాలావరకు ఆవిడే చెబుతారు. చెప్పకపోతే కలిగే నష్టం కూడా తూచుకోండి. ఆయన పోయాక, అందరికీ తెలిసి నా ఒక్కదానికే చెప్పలేదని తెలిస్తే, ఆ దుఃఖానికి బీపీ మాత్రతో తగ్గే గుణం లేదు. ఇంటి పెద్ద ఆవిడ. ఊరికి తీసుకెళ్ళాలా వద్దా అన్నది మొదట తేల్చాల్సింది ఆయన, తర్వాత ఆవిడ, ఆ తర్వాతే మీరూ తమ్ముడూ. ఆ వరస మీ ఇంట్లో తలకిందులైంది, అందుకే బరువంతా మీ మీద పడింది.

తమ్ముడి మీద మీకున్న కోపం ఉత్తరంలో కనపడుతూనే ఉంది, డబ్బు పంపడం తేలికే, రాత్రిళ్ళు కూర్చునేది నేను అని. నిజమే. కానీ తమ్ముడి వైపు నుంచి చూడండి. రోజుకి పది నిమిషాలు ఫోన్లో నాన్నని చూస్తాడు, అప్పటికి మీరు మొహం తుడిచి, దిండు సర్ది కూర్చోబెడతారు. అతనికి కనపడే నాన్న, మీకు కనపడే నాన్న ఒకరు కారు. దూరంగా ఉన్నవాళ్ళకి చెయ్యడానికి మిగిలింది "ఏదీ ఆపొద్దు" అనడమే, అది కూడా అనకపోతే కొడుకుగా తను ఏం చేసినట్టు? కాబట్టి మీరు ఒప్పించడానికి ప్రయత్నించకండి. డాక్టరుతో నేరుగా మాట్లాడించండి, మీరు మధ్యలో తర్జుమా చెయ్యకుండా. నాన్నతో ఒక్కణ్ణే మాట్లాడనివ్వండి, ఫోను ఆయన చేతికిచ్చి మీరు బయటికి వెళ్ళిపోండి. "నాన్నా, నీకేం కావాలి?" అని వాడు అడిగి, జవాబు వాడి చెవులతో వాడు వినాలి.

వీసా సంగతిలో మీరు ఒక్కటే చెప్పగలరు. కార్యానికి ఎలాగూ టికెట్టు కొంటాడు, అదే టికెట్టు ఇప్పుడు కొంటే నాన్నతో మాట్లాడతాడు. అప్పుడు వచ్చినా స్టాంపింగ్ ఇబ్బంది అదే. రాలేనంటే మాత్రం దెప్పకండి, అక్కడ ఇల్లూ పిల్లలూ ఉన్నవాడు, ఉద్యోగం పోతే ఏమిటన్న భయం ఊరికే వచ్చింది కాదు. రానివాడికి కూడా చెయ్యడానికి పనుంటుంది: రోజూ ఒక గంట నాన్నతో ఉండటం, ఆయన ఓపిక ఉన్నప్పుడు పాత సంగతులు అడిగి రికార్డు చెయ్యడం, పెన్షన్, బ్యాంకు, నామినేషన్ కాగితాలు మీతో ఫోన్లో కూర్చుని సరిచూడటం. ఒకవేళ ఇవన్నీ చేశాక కూడా తమ్ముడు ఒప్పుకోకపోతే? అప్పుడు మీరు తేల్చుకోవాల్సింది తమ్ముడి మాటా మీ మాటా అని కాదు. నాన్న మాట ఒకటుంది, స్పష్టంగా చెప్పారు, రాసి కూడా ఇచ్చారు. దాని వైపు నిలబడితే తమ్ముడితో కొన్నాళ్ళు మాటలు పోవచ్చు. నిలబడకపోతే తమ్ముడితో బాగుంటారు, ఆ డైరీ పేజీ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. రెండిట్లో ఏది మోయగలరో మీకే తెలియాలి. నా మనసులో మాట దాచను, నేనైతే ఊరికి తీసుకెళ్తాను.

చివరగా మీ కొడుకు సంగతి. పదిహేడేళ్ళవాడు, ఇంట్లో గుసగుసలు వాడికి వినపడవా? పరీక్షలయ్యాక చెబితే, తాతయ్య ఉన్నప్పుడు చూసే అవకాశం తన చేతిలోంచి మీరు తీసేశారని అనుకుంటాడు, ఈ వయసులో అది చాలా రోజులు గుర్తుంటుంది. ఇప్పుడే చెబితే నాలుగు రోజులు చదువు సాగదు, మార్కులు తగ్గినా తగ్గవచ్చు, అదీ నిజమే. సంగతి చెప్పి, ఊరికి వస్తావా, ఎప్పుడు వస్తావు, ఎన్నాళ్ళుంటావు అని వాడినే అడగండి. వస్తానంటే తాతయ్య ఎలా కనపడతారో ముందుగా చెప్పండి, కళ్ళు పచ్చగా ఉంటాయని, బాగా చిక్కిపోయారని, మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోతారని, మళ్ళీ లేచి ఎక్కడ ఆపావురా అంటారని. లెక్కల పుస్తకం కూడా తెచ్చుకోమనండి. మాస్టారికి ఓపిక ఉన్న పూట ఒక లెక్క చెబుతారేమో.